పొదిగే పెట్ట లేని పెరడు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పెరటి కోళ్ల పెంపకం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వరకు, మూసీ కాలువల కింద సూర్యాపేట పరిసరాల్లో, ఏడాదికి రెండు పంటలు వరి పండే గ్రామాలు అనేకం ఉన్నాయి. ఇటువంటి చోట పెరటి కోడికి మేత కొరత ఉండకూడదు. కల్లంలో రాలిన గింజ, కోత యంత్రం వదిలిన కంకి, ఇంటి ముందు చెరిగిన తాలు, గడ్డివాము అడుగున పురుగు, పెంటకుప్పలో చెద, ఇవన్నీ ఖర్చు లేని మేతలే. రైస్ మిల్లులకు పేరుపడిన మిర్యాలగూడ నుండి నూకలు, తవుడు చుట్టుపక్కల మండలాలన్నింటికీ అందుతాయి. అయినప్పటికీ పది కోళ్లతో మొదలుపెట్టిన ఇల్లు రెండేళ్ల తరువాత ఇరవై కోళ్ల ఇల్లుగా మారడం అరుదు. తరచుగా ఆ పది కూడా మిగలవు.

కారణం అడిగితే 'తెగులొచ్చి పోయినయి' అనే సమాధానం వస్తుంది. అది తప్పు కాదు గాని సంపూర్ణం కూడా కాదు. తెగులు పూర్వం కూడా వచ్చేది. మంద తుడిచిపెట్టుకుపోయిన ఇంట్లో ఎక్కడో గడ్డివాము చాటున బతికి బయటపడిన ఒకటి రెండు పెట్టలు మళ్లీ గుడ్లు పెట్టి, పొదిగి, ఏడాది తిరిగేసరికి మందను నిలబెట్టేవి. లేదా పక్కింటివారు ఒక పొదుగు కోడిని, పది గుడ్లను ఇచ్చి పిల్లల్లో సగం తీసుకొనేవారు. ఇప్పుడు తగ్గిపోయినది ఈ తిరిగి లేచే శక్తి. మేలైన రకాల పిల్లల పంపిణీ, టీకాలు, దాణా గురించి విస్తరణ కార్యక్రమాల్లో విరివిగా చెబుతున్నాము. పొదగడం గురించి చెప్పేది తక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా ఆ పొదుగు గురించి, పొదిగిన పిల్ల మొదటి ఆరు వారాలు దాటడం గురించి.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు 85.18 కోట్లు. వీటిలో పెరటి పక్షులు 31.70 కోట్లు. అంతకు ముందు గణనతో పోల్చితే పెరటి పక్షుల సంఖ్య 45.8 శాతం పెరిగింది. దాదాపు 8 కోట్ల పక్షులతో తెలంగాణ దేశంలో మూడవ స్థానంలో ఉన్నది. కాని మన రాష్ట్రపు సంఖ్యలో అధికభాగం ఫారం కోళ్లదే. 1971లో హైదరాబాదులో డాక్టర్ బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించిన నాటినుండి ఈ ప్రాంతపు కోళ్ల పరిశ్రమలో పొదగడం అనే పని కోడి నుండి యంత్రానికి మారిపోయింది. పరిశ్రమకు అది అవసరమే. పెరడు మాత్రం పరిశ్రమ కాదు. అక్కడ యంత్రం లేదు, తల్లి కోడి ఉన్నది.

గుడ్లు పెట్టే కోడి, పొదిగే కోడి

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు, అదే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల శాస్త్రవేత్తలు రూపొందించిన రాజశ్రీ రకం తెలుగు రాష్ట్రాల విస్తరణ సిబ్బందికి సుపరిచితాలు. పెరటి పరిస్థితుల్లో వనరాజా ఏడాదికి 100 నుండి 110, శ్రీనిధి 140 నుండి 150, గ్రామప్రియ 160 నుండి 180 గుడ్లు పెడతాయి. నాటు కోడి పెట్టేది యాభై, అరవై గుడ్లే. గుడ్డు బరువులోనూ తేడా ఉన్నది. నాటు గుడ్డు 40 గ్రాములకు అటూ ఇటుగా ఉంటే గ్రామప్రియ గుడ్డు 55 గ్రాములు దాటుతుంది. ఈ అంకెలు చూసిన గృహిణి మేలైన రకాన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎంచుకోవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే ఈ అదనపు గుడ్లు ఎక్కడినుండి వచ్చాయో విద్యార్థులు గమనించాలి. పెట్ట కొన్ని గుడ్లు పెట్టిన తరువాత వాటి స్పర్శ దాని పొట్ట చర్మానికి తగులుతుండగా రక్తంలో ప్రోలాక్టిన్ హార్మోను పెరుగుతుంది. దానివల్ల అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్లు తగ్గి గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. కోడి గూడు వదలదు, దగ్గరికి పోతే ఈకలు విప్పి పొడవ వస్తుంది. అంటే పొదుగుకు వచ్చిన ప్రతి కోడీ ఆ రోజులన్నీ గుడ్లు మానేసిన కోడే. కాబట్టి అధిక గుడ్ల కోసం ఎంపిక చేసుకుంటూ పోయిన కొద్దీ పొదుగు గుణం తెలిసో తెలియకో తొలగిపోతుంది. తెల్ల లెగ్‌హార్న్‌లో అది దాదాపు కనబడదు. గ్రామప్రియ వంటి రకాల్లో కూడా నామమాత్రమే. ఎక్కువ గుడ్లు, పొదుగు గుణం రెండూ ఒకే కోడిలో ఆశించడం వృథా.

రెండవ విషయం మరింత ముఖ్యమైనది. వనరాజా, గ్రామప్రియ వేర్వేరు తల్లిదండ్రుల వరుసలను కలిపి తీసిన సంకరాలు. వీటి గుడ్లను నాటు కోడి కింద పెట్టి పొదిగిస్తే పిల్లలు వస్తాయి గాని అవి తల్లిలాగా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఎక్కువ గుడ్లది, ఒకటి తక్కువ గుడ్లది అవుతుంది. మిర్యాలగూడ, కోదాడ రైతుకు ఈ విషయం చెప్పడానికి జన్యుశాస్త్రం అక్కర లేదు. సంకర విత్తనం వేసిన చేలోనుండి మరుసటి ఏటికి విత్తనం కట్టకూడదని పత్తి, మొక్కజొన్న వేసిన ప్రతివారికీ తెలుసు. కోడిపిల్ల విషయంలోనూ అంతేనని చెప్పితే ఒక్క మాటలో అర్థమవుతుంది. చిక్కేమిటంటే, పిల్లలను పంచేటప్పుడు ఆ ఒక్క మాట మనం చెప్పము. ఏడాదిన్నర తరువాత ఆ కోళ్లు ముసలివై, పొదుగు రాక, మళ్లీ పిల్లలు ఎక్కడ దొరుకుతాయో తెలియక ఆ ఇంటి పెంపకం ముగుస్తుంది. అప్పటికి పాత నాటు కోళ్లు కూరలోకి పోయి ఉంటాయి.

కాబట్టి ఇచ్చే సలహా ఇలా ఉండాలి. మేలైన రకం పిల్లలను గుడ్ల కోసం పెంచుకోవచ్చు. కాని ఇంట్లో కనీసం రెండు నాటు పెట్టలను పొదుగు కోసం అట్టిపెట్టాలి. ఆసిల్ జాతి రక్తం ఉన్న పెట్టలైతే మరీ మంచిది. గుడ్లు తక్కువ పెట్టినా పొదగడంలో, పిల్లలను కాపాడడంలో అవి పేరున్నవి. కోదాడ దాటితే కృష్ణా తీరపు గ్రామాలు, సంక్రాంతి పందేలు. అందుచేత ఈ సరిహద్దు మండలాల్లో ఆసిల్ పుంజులకు గిరాకీ ఉన్నది. పుంజు డేగా, కాకా, నెమలా అని రంగులు ఎంచేవారు దాని తల్లి ఎన్ని పిల్లలను దక్కించుకున్నదో కూడా ఎంచితే బాగుండేది.

పొదుగుకు వచ్చిన కోడిని నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటి పద్ధతులతో మాన్పించడం మన గ్రామాల్లో ఉన్నదే. గుడ్డు అమ్ముకునే ఇంట్లో దాన్ని తప్పుపట్టలేము. కాని ఒక వాడలో అందరూ అదే పని చేస్తే ఆ వాడలో పిల్లలు పుట్టవు.

పొదిగేయక ముందే చెడిన గుడ్డు

కోడి కింద పన్నెండు గుడ్లు పెడితే అయిదే పిల్లలయ్యాయంటే నింద కోడి మీదికి పోతుంది. నిజానికి ఎక్కువసార్లు కోడి గూట్లో కూర్చోక ముందే నష్టం జరిగిపోయి ఉంటుంది. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది పుంజు లేకపోవడం. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. పెట్టలను అట్టిపెట్టి పుంజులను ముందుగా అమ్మడం ఇంటి ఆర్థికానికి సహజం. దసరాకు ఒకటి, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వచ్చే చుట్టాలకు ఒకటి, ఇంటి దేవతకు ఒకటి పోతాయి. పుంజు పోయిన తరువాత కూడా పది రోజుల వరకు పెట్టలు విత్తుగల గుడ్లు పెడతాయి. ఆ పైన తగ్గిపోయి, మూడు వారాలకు దాదాపు అన్నీ వట్టి గుడ్లే అవుతాయి. పండుగ దాటిన నెలకు పొదిగేసిన గుడ్లు మురిగిపోవడానికి ఇదే ప్రధాన కారణం. వాడలో పక్కింటి పుంజు తిరుగుతున్నదిలే అనుకోవడం వాడంతా అలాగే అనుకుంటే పనికిరాదు. ఒకే పుంజును ఏళ్ల తరబడి ఉంచడం కూడా మంచిది కాదు. దాని కూతుళ్లకే అది పుంజైతే పొదుగు శాతం, పిల్ల బలం రెండూ పడిపోతాయి. ఏడాదికొకసారి వేరే ఊరి పుంజుతో మార్చుకోవడం ఖర్చు లేని మందు.

రెండవది గుడ్డు వయస్సు. నాటు పెట్ట రోజు విడిచి రోజు, కొన్నిసార్లు వరుసగా పెడుతూ పన్నెండు గుడ్లకు పద్దెనిమిది, ఇరవై రోజులు తీసుకుంటుంది. అన్నీ కలిపి పొదిగేస్తే మొదటి గుడ్డుకు అప్పటికే మూడు వారాల వయస్సు. వారం దాటిన గుడ్డులో పొదిగే శక్తి దినదినానికి తగ్గుతుంది. పెన్సిలుతో గుడ్డు మీద తేదీ వేసుకొని, మొదటి నాలుగైదు గుడ్లను ఇంట్లో తిని లేదా అమ్మి, చివరి ఎనిమిది, పదింటినే పొదిగేయడం మేలు. పన్నెండు గుడ్లకు ఆరు పిల్లలు కావడం కన్న తొమ్మిది గుడ్లకు ఎనిమిది పిల్లలు కావడం లాభం. తిన్న గుడ్లు అదనం.

మూడవది వేడి. ఈ ప్రాంతానికి ఇది అన్నింటికన్న పెద్ద కారణం. గుడ్డు పెట్టేనాటికే లోపల పిండం మొదలై ఉంటుంది. సుమారు 20, 21 డిగ్రీల సెల్సియస్ కన్న చల్లగా ఉంటే అది ఎదగకుండా నిద్రాణంగా ఉంటుంది. అంతకు మించితే ఎదుగుదల నెమ్మదిగా, క్రమం తప్పి మొదలవుతుంది. పొదుగుకు కావలసిన వేడి 37.5 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో సూర్యాపేట, మిర్యాలగూడలలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అలమరలో, బియ్యపు డబ్బాలో, రేకుల కింద దాచిన గుడ్డులో పగలు పిండం ఎదగడం, తెల్లవారుజామున కొంత ఆగడం, మళ్లీ ఎదగడం జరిగి వారం రోజుల్లో అది చనిపోతుంది. బయటికి గుడ్డు చక్కగానే ఉంటుంది.

దీనికి చవకైన ఉపాయం మట్టికుండ. కుండను తడి ఇసుకలో సగం వరకు పాతి, లోపల పొడి గడ్డి పరచి, గుడ్లను లావు కొన పైకి ఉండేలా అమర్చి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నీడలో గాలి తగిలే చోట ఉంచాలి. ఇసుకను రోజుకు రెండుసార్లు తడపాలి. గుడ్డు మీద నీరు పడకూడదు. ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉండడం వల్ల ఆవిరి త్వరగా లేచి కుండ బాగా చల్లబడుతుంది. ఆగస్టులో గాలిలో తేమ ఉన్నప్పుడు ఇది అంతగా పనిచేయదు గాని అప్పుడు ఎండ కూడా అంత ఉండదు. అయినా కుండ గుడ్లను వారం లోపలే పొదిగేయాలి.

కోడి కూర్చునే చోటు కూడా మారిపోయింది. మట్టిగోడల పెంకుటింటిలో ఒక మూల తట్టలో వరిగడ్డి పరచి కోడిని పొదిగేసేవారు. ఆ గోడలు మధ్యాహ్నపు వేడిని లోపలికి రానిచ్చేవి కావు. ఇప్పుడు ఇల్లు స్లాబుది, కోడికి మిగిలినది రేకుల పంచ. రేకు కింద మే నెల మధ్యాహ్నం కోడి గుడ్ల మీద కూర్చోలేక లేచి నిలబడుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. అప్పుడు గుడ్డుకు అందేది తల్లి వేడి కాదు, రేకు వేడి. ఇంటి నమూనా మారడం వల్ల కోళ్ల పొదుగుపై పడిన ప్రభావాన్ని స్నాతకోత్తర విద్యార్థులెవరైనా కొలిచి చూడదగినది. రెండు ఉష్ణమాపకాలు, ఒక నోటు పుస్తకం చాలు.

ఉరిమితే గుడ్లు మురిగిపోతాయన్న నమ్మకం ఇక్కడ ఉన్నది. అందుకు గూట్లో ఇనుపముక్క, బొగ్గు పెడతారు. దీన్ని చూసి నవ్వడం విస్తరణ కార్యకర్తకు తగదు. ఉరుములు వచ్చేది రోహిణి కార్తె చివర, మృగశిర మొదట. ఆ నాడు గూట్లో ఉన్న గుడ్లు మే నెల ఎండల్లో కూడబెట్టినవి. అవి ఉరమకున్నా మురిగేవే. ప్రజలు చూసినది నిజం, చెప్పుకొన్న కారణం వేరు. బొగ్గు ముక్కను తీసేయమనకుండా గుడ్లను కుండలో ఉంచమని చెబితే చాలు.

పొదిగే కోడికి పక్కనే గింజలు, నీళ్లు ఉండాలి. అది రోజుకొకసారి పది, ఇరవై నిమిషాలు మాత్రమే గూడు దిగుతుంది. దూరం పోవలసి వస్తే వేసవిలో నీరసించి గూడు విడిచిపెడుతుంది. గూడు వదలడానికి మరొక కారణం పేలు. గడ్డి కింద బూడిద, వేపాకు వేయడం పాత పద్ధతి, మంచి పద్ధతి. ఏడవ రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు నిలిపి చూస్తే ఎర్రని నరాలు సాలెగూడులా కనబడేది బతికిన గుడ్డు, ఏమీ లేకుండా మెరిసేది వట్టిది. వట్టి గుడ్లను తీసివేస్తే మిగిలినవాటికి వేడి చక్కగా అందుతుంది. ఆ రోజే ఇద్దరు ముగ్గురు పొరుగువారి కోళ్లు పొదుగులో ఉంటే ఖాళీ అయిన కోడిని మళ్లీ గుడ్లకు వదలవచ్చు.

ఇంక్యుబేటరు గురించి

యాభై, వంద గుడ్ల చిన్న ఇంక్యుబేటర్లు ఇప్పుడు కొందరు యువకుల ఇళ్లకు వచ్చాయి. ధర్మోకోల్ పెట్టె, బల్బు, థర్మోస్టాట్‌తో సొంతంగా తయారు చేసుకొన్నవారూ ఉన్నారు. ఉత్సాహం మెచ్చుకోదగినదే. కాని తల్లి కోడి ఆలోచించకుండా చేసే పనులన్నీ ఇక్కడ మనిషి ఆలోచించి చేయాలి. 37.5 డిగ్రీల వేడి, మొదటి 18 రోజులు 55 నుండి 60 శాతం తేమ, చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతం తేమ, 18వ రోజు వరకు గుడ్లను రోజుకు కనీసం మూడు నాలుగుసార్లు తిప్పడం, ఆపైన తాకకపోవడం తప్పనిసరి. ఒక డిగ్రీ వేడి పెరిగితే పిల్ల ముందుగా, బొడ్డు మానకుండా, బలహీనంగా బయటికి వస్తుంది. తగ్గితే ఆలస్యమై, పెంకులోనే చనిపోవచ్చు. తేమ తక్కువైతే పెంకు పగలగొట్టిన పిల్ల పొరకు అంటుకుపోతుంది. కరెంటు పోయిన గంటలో పెట్టె తెరిచి చూడడం అందరూ చేసే తప్పు. తెరవకుండా దుప్పటి కప్పడమే సరైనది. అందువల్ల పది పెట్టలున్న ఇంటికి ఇంక్యుబేటరు అవసరం లేదు. గ్రామానికంతటికీ పిల్లలను అందించదలచిన ఒకరికి అది ఉపాధి కావచ్చు. అదైనా ముందు పదిహేను రోజులు గుడ్లు లేకుండా నడిపి, ఉష్ణోగ్రత రాసుకొన్న తరువాతే.

మొదటి ఆరు వారాలు

పొదిగిన పిల్ల పెద్దదయ్యే లోపల కోల్పోయే సంఖ్యే పెరటి పెంపకపు అసలు నష్టం. గద్ద, కాకి, ముంగిస, పిల్లి, కుక్క, పాము ఒకవైపు. చలి, వాన, రక్తపారుడు మరొకవైపు. తల్లి వెంట రోజంతా తిరిగే చిన్న పిల్ల తిన్న మేతలో ఎక్కువ భాగం తిరగడానికే ఖర్చవుతుంది. వరి గింజ దాని నోటికి పట్టదు. వరి ప్రాంతంలో మేత సమృద్ధి అన్నది పెద్ద కోడికి వర్తిస్తుంది గాని పిల్లకు వర్తించదు. పిల్లకు కావలసినది మాంసకృత్తులు, అంటే పురుగు, చెద లేదా 20 శాతం మాంసకృత్తులున్న పిల్లల దాణా.

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. నాటు పెట్ట ఒక విడతకు 15 నుండి 18 గుడ్లు పెట్టడానికి మూడు వారాలు, పొదగడానికి మూడు వారాలు, పిల్లలను వెంట తిప్పుకొనడానికి పది, పదకొండు వారాలు పడుతుంది. మొత్తం నాలుగు నెలలు, ఏడాదికి మూడు విడతలు. ఒక్కో విడతలో పది పిల్లలు పుట్టి నాలుగు దక్కితే ఏడాదికి పన్నెండు. అదే పిల్లలను రెండవ వారం చివర తల్లినుండి విడదీసి గంప కింద దాణాతో పెంచితే తల్లి మరో రెండు వారాలకు గుడ్లకు వస్తుంది. విడత డెబ్బయి రోజులకు కుదించుకుపోయి ఏడాదికి అయిదు విడతలవుతాయి. గంపలో పెరిగిన పిల్లల్లో పదికి ఏడు దక్కినా ఏడాదికి ముప్పయి అయిదు. పొదుగు గుణాన్ని తీసివేయకుండానే ఉత్పత్తిని దాదాపు మూడింతలు చేసే మార్గం ఇది. రెండు మూడు కోళ్లను ఒకే రోజున పొదిగేసి, పుట్టిన పిల్లలన్నింటినీ రాత్రి వేళ ఒకే తల్లి కింద చేర్చడం దీనికన్న తేలిక. మిగిలిన కోళ్లకు విడుదల దొరుకుతుంది.

విడదీసిన పిల్లకు తల్లి వేడి మనం ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బు చాలు. పిల్లలు బల్బు కింద కుప్పపడితే చలి, గంప అంచులకు పోయి రెక్కలు చాస్తే వేడి అని పిల్లలే చెబుతాయి. అడుగున ఊక పరిచి పొడిగా ఉంచాలి. వానాకాలంలో తడిసిన ఊకే రక్తపారుడుకు మూలం. తవుడు వాడేవారు మిల్లునుండి తెచ్చిన మూడు నాలుగు రోజుల్లో వాడుకోవాలి. తవుడులోని నూనె త్వరగా ముక్కిపోతుంది. బూజుపట్టిన మొక్కజొన్న, నూకలు పిల్లలకు వేయడం విషం పెట్టడమే. పాత కుండలో గడ్డి, పేడ, కొంచెం నీరు నింపి పొలం గట్టున చెదపుట్ట దగ్గర బోర్లిస్తే రెండు మూడు రోజుల్లో చెదలు పడతాయి. పిల్లలకు అంతకన్న మంచి మేత కొన్నా దొరకదు.

వరి ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉన్నది. నారుమడిలో, నాటిన పొలంలో చల్లే గుళికల మందు, మందు పట్టించిన విత్తనం కోళ్లకు ప్రాణాంతకాలు. ఉదయం బయటికి పోయిన మంద సాయంత్రానికి గట్టు మీద పడి ఉంటే దాన్ని తెగులుగా భావించి మిగిలినవాటికి మందు పోసినవారున్నారు. మెడ వాలి, నోట నురగతో, ఒకే పూటలో చాలా కోళ్లు పోతే ముందు అడగవలసిన ప్రశ్న ఆ రోజు చుట్టుపక్కల ఎవరు గుళికలు చల్లారని. నారు పోసే పది, పదిహేను రోజులు కోళ్లను మూసి ఉంచమని చెప్పడం వ్యవసాయ విస్తరణాధికారి పని, పశువైద్యుని పని మాత్రమే కాదు.

కొక్కెర తెగులు

కొక్కెర తెగులు అని మనవారు పిలిచే రాణిఖేత్ వ్యాధిని 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను, జావాలోను గుర్తించారు. మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరు దానికి 1920ల చివర స్థిరపడింది. ఆకుపచ్చని పారుడు, రొప్పు, మెడ మెలితిరగడం, రెక్క వాలడం దాని లక్షణాలు. టీకా లేని మందలో నూటికి నూరు పోవచ్చు. చికిత్స లేదు. ఏడవ రోజున లాసోటా కంటిచుక్క, నాలుగవ వారంలో మరల లాసోటా, ఎనిమిదవ వారంలో ఆర్2బి ఇంజక్షను సామాన్య క్రమం. ఆరేడు వారాల్లో మశూచి టీకా వేయాలి.

క్రమం అందరికీ తెలుసు. జరగనిది ఆచరణ, దానికి కారణం నిర్లక్ష్యం మాత్రమే కాదు. టీకా సీసా నూరు, అంతకుమించిన మోతాదులది. ఇంటి కోళ్లు పది. కలిపిన టీకా రెండు గంటలకు మించి పనికిరాదు. పది కోళ్ల కోసం సీసా తెరవడానికి ఎవరూ ముందుకు రారు. వాడంతా ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్లు గూడు దిగక ముందే వేయడం ఒక్కటే మార్గం. మహిళా సంఘాల సమావేశం జరిగే రోజును దీనికి ఎంచుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఐ-2 అనే వేడిని తట్టుకునే టీకాతో మొజాంబిక్, టాంజానియా గ్రామాల్లో శిక్షణ పొందిన గ్రామస్థులే, వారిలో చాలామంది స్త్రీలు, నాలుగు నెలలకొకసారి కంటిచుక్కలు వేస్తూ వచ్చారు. శీతల గొలుసు బలహీనంగా ఉన్న చోట టీకా రకంకన్న వేసే మనిషి, వేసే రోజు ముఖ్యమని ఆ అనుభవం చెబుతున్నది. ఇక్కడ పొదుగుకు సంబంధించిన అంశం కూడా ఉన్నది. టీకా పడిన పెట్ట గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు కొంత రక్షణను ఇస్తుంది. గుడ్లకు రాకముందే పొదుగు పెట్టలకు టీకా వేస్తే పిల్ల మొదటి రెండు వారాలు ఆ నీడలో ఉంటుంది.

తెగులు సోకిందని తెలియగానే మిగిలిన కోళ్లను వారపు అంగడికి తరలించడం వ్యాధిని ఊరూరా పంచడమే. అమ్మవద్దని చెప్పడం తేలిక, ఆ ఇంటికి ఆ రోజు మిగిలిన ఆస్తి అదేనన్నది మరువరాదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం సరిహద్దుల్లో కోళ్ల రవాణాను అడ్డుకొన్నది. హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారి మీద సరిహద్దుకు ఆనుకొని ఉన్న కోదాడ వంటి చోట్ల కోడి కొనుగోలు ఏ రోజైనా ఆగిపోవచ్చు. బయటినుండి వచ్చే పిల్లల మీద పూర్తిగా ఆధారపడిన పెరడు అటువంటి నెలలో ఖాళీగా ఉంటుంది.

ఏ నెలలో పొదిగేయాలి

కార్యక్రమాల విషయానికి వస్తే, గ్రామీణ పెరటి కోళ్ల పథకం కింద పేద కుటుంబానికి నాలుగు వారాల వయస్సు వరకు పెంచిన 45 పిల్లలను ఇవ్వడం ఆచారంగా ఉండేది. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కనీసం 1000 తల్లి కోళ్ల ఫారం, హ్యాచరీ, మదర్ యూనిట్ కలిపి నెలకొల్పే వ్యక్తికి పెట్టుబడిలో 50 శాతం, 25 లక్షల రూపాయలకు మించకుండా రాయితీ ఇస్తున్నది. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోను, త్రిపురారం మండలం కంపాసాగర్‌లోను కృషి విజ్ఞాన కేంద్రాలున్న ఈ ప్రాంతంలో అటువంటి యూనిట్ ఒకటి రెండు నిలబడితే నాలుగు వారాల పిల్లల కొరత తీరుతుంది. అయితే మన నివేదికల్లో పంచిన పిల్లల సంఖ్య ఉంటుంది గాని ఏడాది తరువాత మిగిలిన పెట్టల సంఖ్య ఉండదు. వాడలో పొదుగుకు వచ్చే పెట్టలెన్ని, పొదిగేసిన గుడ్లకు పుట్టిన పిల్లలెన్ని, ఎనిమిది వారాలకు మిగిలినవెన్ని అనే మూడు అంకెలు గ్రామానికొక పుస్తకంలో రాయిస్తే చాలు, వ్యాధి నష్టమెంతో, పొదుగు నష్టమెంతో విడిగా తెలుస్తుంది.

అంగడి గిరాకీకి, పొదుగు కాలానికి పొత్తు కుదరదన్నది ఇక్కడి పెంపకందారులకు అనుభవమే. నాటు పుంజు అమ్మకానికి రావడానికి అయిదారు నెలలు కావాలి. దసరాకు అమ్మదలచిన పుంజు మార్చి, ఏప్రిల్‌లలో పుట్టాలి. అంటే గుడ్లు వేడెక్కే రోజుల్లో పొదిగి, పిల్లను నడి ఎండలో సాకాలి. సంక్రాంతికి అమ్మదలచినది జూలై, ఆగస్టుల్లో పుట్టాలి. అది తడి ఊక, రక్తపారుడు కాలం. ఆషాఢ బోనాలకు అమ్మేది డిసెంబరు, జనవరిలలో పుడుతుంది. గుడ్డుకు, తల్లికి, పిల్లకు అన్నింటికీ అనువైన కాలం ఇదే. రాత్రి చలికి ఒక బల్బు, ఒక గోనెపట్టా చాలు, యాసంగి కోతలకు పిల్ల గింజ తినే వయస్సుకు వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి పొదుగును వానాకాలపు పంట కోతలు ముగిసిన తరువాత, కార్తీక మార్గశిరాల్లో వేసుకొని, రెండేళ్లు చేయి తిరిగిన పిమ్మట దసరా పుంజు జోలికి పోవడం మంచిది.